పాత యంత్రమునకు క్రొత్త పని

మానేరు నది యొడ్డున సిరిసిల్ల పట్టణము కలదు. ఆ పట్టణములో అడుగు పెట్టినవానికి మనుష్యుల మాటల కంటె ముందు మగ్గముల చప్పుడు వినవచ్చును. మరమగ్గమును అచటివారు 'సాంచా' అందురు. సాంచాలుండు శాలను 'కార్ఖానా' అందురు. సాంచా ఆడినంతకాలమే నేతగాని యింట పొయ్యి వెలుగును. అందుచేత ఏ సాంచా ఏ నేతకు పనికివచ్చును అను ప్రశ్న అచట ప్రొద్దుపోక వేసికొను ప్రశ్న కాదు. అది కూటికి సంబంధించిన ప్రశ్న.

2017 నుండి కొన్ని సంవత్సరములపాటు బతుకమ్మ పండుగకు ప్రభుత్వము పంచిపెట్టిన చీరలను నేయు పని ఈ పట్టణమునకు వచ్చినది. అంతకుముందు సాదా గుడ్డను నేసిన సాంచాలు అంచులయందు గీతలును, పూవులును గల చీరలను నేయవలసి వచ్చెను. "పాత సాంచా ఈ క్రొత్త నేతకు ఆగునా?" అని యజమానులు ఆలోచించిరి. కొన్ని సాంచాలకు డాబీ, జకార్డు మొదలగు పరికరములను పైన అమర్చి ఆ పనికి తెచ్చిరి. పాత యంత్రమును పారవేయక క్రొత్త పనికి త్రిప్పుకొనుట ఆ పట్టణమునకు తెలిసిన విద్యయే.

అయితే ఆ విద్యకును ఒక హద్దు కలదు. జకార్డు పరికరమునకు వరుసగా కొక్కెములు ఉండును. ఒక్కొక్క కొక్కెము తనకు కట్టిన పడుగు దారమును పైకెత్తును. ఏ కొక్కెము లేవవలెనో, ఏది లేవరాదో రంధ్రములు గల అట్టలు తెలుపును. రంధ్రమున్నచోట కొక్కెము లేచును, లేనిచోట నిలిచియుండును. ఇట్లు ఒక్కొక్క అట్ట మారినకొలది గుడ్డపై పూవు విచ్చుకొనును. 120 కొక్కెములు గల జకార్డుపై 240 కొక్కెములకై కొట్టిన అట్టలను వేసినచో ఏమగును? మగ్గపు ఇనుము గట్టిదే కావచ్చును. నేతగాడు నేర్పరియే కావచ్చును. అయినను ఆ పూవు రాదు. లోపము పనితనములోనిది కాదు, లెక్కలోనిది.

కంప్యూటరును గూర్చియు సరిగా ఇట్టి ప్రశ్నయే నేడు ఊరూర వినబడుచున్నది. "మా పాత కంప్యూటరు క్రొత్త నిర్వహణ వ్యవస్థను నడుపగలదా?" అని విద్యార్థులు అడుగుదురు, వ్యాపారులు అడుగుదురు, ఉపాధ్యాయులు అడుగుదురు. కొందరు "పాతది గదా, పనికిరాదు" అందురు. కొందరు "ఎందుకు నడువదు? వేసి చూడుడు" అందురు. ఈ ఇరువురి మాటయు పరీక్షింపక చెప్పిన మాటయే.

మగ్గమునకును కంప్యూటరునకును గల పోలిక కేవలము మాటల చమత్కారము కాదు. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరవాసియగు జోసెఫ్ మేరీ జకార్డు 1804లో తన మగ్గపు పరికరమును సిద్ధపరచెను. తరువాత 1830వ దశకమున ఇంగ్లండులో చార్లెస్ బాబేజి ఒక గొప్ప గణకయంత్రమును ఊహించి, దానికి ఆజ్ఞల నిచ్చుటకు జకార్డు అట్టలనే వాడదలచెను. రంధ్రము ఉన్నది, లేదు అను రెండు మాటలే నేటి కంప్యూటరులో 1, 0 అను రెండు అంకెలు. అట్టి ఒక్కొక్క అంకెను 'బిట్టు' అందురు.

కంప్యూటరునకు హృదయము వంటిది ప్రాసెసరు. అది ఒక్క పట్టున ఎన్ని బిట్లను తీసికొని పనిచేయగలదో అదియే దాని వెడల్పు. జకార్డునకు కొక్కెముల సంఖ్య ఎట్టిదో ప్రాసెసరునకు బిట్ల వెడల్పు అట్టిది. 1969లో హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ టీడీసీ-12 అను కంప్యూటరును నిర్మించినది. దాని పేరు చివరనున్న 12 అను అంకె ఆ వెడల్పునే తెలుపును. చిన్న కంప్యూటర్ల ప్రాసెసర్లలో 1978 నాటి 8086 అనునది 16 బిట్లది. 1985 నాటి 386 అనునది 32 బిట్లది. 2003లో ఏఎండీ సంస్థ అదే వంశమునకు చెందిన 64 బిట్ల ప్రాసెసర్లను విడుదల చేసెను. మరుసటి యేటనే ఇంటెల్ సంస్థయు ఆ దారి పట్టెను.

వెడల్పు పెరిగినందువలన కలుగు లాభమేమి? కంప్యూటరు తన జ్ఞాపకమునందలి ప్రతి గదికిని ఒక సంఖ్యను ఇచ్చును. 32 బిట్లతో వ్రాయదగిన వేర్వేరు సంఖ్యలు 4,29,49,67,296 మాత్రమే. అందుచేత 32 బిట్ల వ్యవస్థ సామాన్యముగా 4 గిగాబైట్లకు మించిన జ్ఞాపకమును వాడుకొనజాలదు. ఇక 64 బిట్ల సంగతి చూడుడు. చదరంగపు పలకపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు చొప్పున పెంచుచు అరువదినాలుగు గడులను నింపుమని రాజును కోరిన పండితుని కథ అందరెరిగినదే. రాజు గాదెలన్నియు వట్టిపోయినను ఆ కోరిక తీరలేదు. ఆ గింజల మొత్తమునకు ఇంకొక్క గింజ చేర్చినచో వచ్చు సంఖ్యయే 64 బిట్లతో వ్రాయదగిన సంఖ్యల లెక్క: 1,84,46,74,40,73,70,95,51,616.

ప్రాసెసరు ఒక్కటియే ఉన్నంతమాత్రమున కంప్యూటరు పనిచేయదు. కార్ఖానాలో ఏ సాంచాకు ఏ నూలు పోవలెనో, ఎవరు ఎప్పుడు పని మొదలిడవలెనో చూచు మేస్త్రీ ఉన్నట్లే, కంప్యూటరులో జ్ఞాపకమును, డిస్కును, మీటల పలకను, తెరను, ముద్రణయంత్రమును కనిపెట్టియుండు కార్యక్రమము ఒకటి ఉండును. దానినే నిర్వహణ వ్యవస్థ, లేక ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. విండోస్, లినక్స్ అనునవి అట్టివి. 32 బిట్ల ప్రాసెసరుకై వ్రాసిన వ్యవస్థ యొకటి, 64 బిట్ల ప్రాసెసరుకై వ్రాసిన వ్యవస్థ మరియొకటి. ఇచట ఒక నియమము కలదు. ఈ వంశపు 64 బిట్ల ప్రాసెసరు 32 బిట్ల వ్యవస్థను కూడ నడుపగలదు. కాని 32 బిట్ల ప్రాసెసరు 64 బిట్ల వ్యవస్థను నడుపలేదు. 240 కొక్కెముల జకార్డుపై చిన్న పూవును నేయవచ్చును; 120 కొక్కెముల దానిపై పెద్ద పూవును నేయరాదు.

"ఉన్నదానితో తృప్తిపడరాదా? క్రొత్త వ్యవస్థ ఎందుకు?" అని కొందరు అడుగవచ్చును. దానికి రెండు కారణములు చెప్పవచ్చును. మొదటిది మన తెలుగే. పాత విండోస్ 98 వ్యవస్థకు తెలుగు ఒత్తులను, గుణింతములను తమ తమ స్థానములలో కూర్చు నేర్పు లేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ఆ నేర్పు విండోసునకు అబ్బినది. ఆనాడు తెలుగును తెలుగుగా చదువగోరినవారు తమ పాత కంప్యూటరు ఆ క్రొత్త వ్యవస్థను మోయగలదా అని విచారించుకొనవలసి వచ్చెను.

రెండవ కారణము రక్షణ. ఎంతటి మంచి కంచెలోనైనను ఏదో ఒక కంత బయటపడుచునే యుండును. నిర్వహణ వ్యవస్థను చేసినవారు అట్టి కంతలను కనుగొన్నపుడెల్ల వాటిని పూడ్చు సవరణలను పంపుచుందురు. కొంతకాలమునకు వారు "ఇక ఈ వ్యవస్థకు సవరణలు పంపము" అని ప్రకటింతురు. నాటినుండి కంత కనబడినను పూడ్చువారుండరు. 2017 మే నెలలో వన్నాక్రై అను దుష్ట కార్యక్రమము ప్రపంచమంతట వ్యాపించి, కంప్యూటర్లలోని పత్రములకు తాళము వేసి, తీయుటకు సొమ్ము అడిగెను. ఇంగ్లండులో వైద్యశాలల పని స్తంభించెను. మన ఆంధ్రప్రదేశమున పోలీసుశాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లకును అది సోకెను. ఆ కంతను పూడ్చు సవరణను రెండు నెలల ముందు, మార్చిలోనే, మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసియుండెను. కాని దానిని వేసికొనని యంత్రములును, గడువు తీరి అప్పటికి సవరణ అందని ఎక్స్‌పీ వంటి వ్యవస్థలు గల యంత్రములును రక్షణ లేక నిలిచియుండెను. 2025 అక్టోబరు 14వ తేదీన విండోస్ 10 వ్యవస్థకును సాధారణమైన గడువు తీరినది. పేరు నమోదు చేసికొన్నవారికి మాత్రము మరికొంత వ్యవధి యిచ్చిరి. అప్పటినుండి పాత కంప్యూటరు గల ప్రతివానికిని ఈ ప్రశ్న తప్పనిదైనది.

ఈ ప్రశ్నకు ఒక్కటే జవాబు లేదని తెలియుటకు మూడు ఊళ్లలో మూడు కంప్యూటర్లున్నట్లు ఊహించుకొనుడు. సిరిసిల్లనుండి వేములవాడ మీదుగా ఉత్తరమునకు పోయినచో కోరుట్ల వచ్చును. కోరుట్లకు తూర్పున జగిత్యాల కలదు. 2016 అక్టోబరు వరకు ఈ మూడును కరీంనగరు జిల్లాలోనివే. ఊళ్లు దగ్గరవే, కంప్యూటర్ల కథలు మాత్రము వేరువేరు.

మొదట జగిత్యాల. అచట ఒక పాఠశాలలో ఒక మూల గుడ్డ కప్పిన పాత కంప్యూటరు ఉన్నదనుకొనుడు. అది 2003 ప్రాంతమున కొన్నది. విద్యార్థులు దానిలో క్రొత్త 64 బిట్ల వ్యవస్థను వేయవలెనని ఉత్సాహపడిరి. ఉపాధ్యాయుడు తొందరపడలేదు. "ముందు యంత్రమునే అడుగుదము" అని, కంప్యూటరును గూర్చిన వివరములు తెలుపు పుటను తెరపై తెరచి చూపెను. అందు ప్రాసెసరు పేరు ఉన్నది. ఆ పేరును బట్టి విచారింపగా అది 32 బిట్లదే యని తేలినది. జ్ఞాపకము ఒక్క గిగాబైటు.

"జ్ఞాపకమును పెంచినచో సరిపోదా, అయ్యా?" అని ఒక విద్యార్థి అడిగెను.

"సరిపోదు. నూలు ఎంత తెచ్చిపోసినను జకార్డులో కొక్కెములు పెరుగునా? ప్రాసెసరు వెడల్పును పెంచు సవరణ ఏదియు లేదు. ఈ యంత్రము 64 బిట్ల వ్యవస్థను ఎన్నటికిని నడుపలేదు" అని ఉపాధ్యాయుడు చెప్పెను.

విద్యార్థుల ముఖములు చిన్నబోయినవి. కాని కథ అంతటితో ముగియలేదు. 64 బిట్లకు పనికిరానిది దేనికిని పనికిరాదని అర్థము కాదు. డెబియన్ అను లినక్స్ వ్యవస్థయొక్క 12వ కూర్పు 2023లో వచ్చినది. ఇట్టి 32 బిట్ల కంప్యూటర్లలో నేరుగా స్థాపించుటకు వీలుగా ఆ సంస్థవారు ఇచ్చిన కూర్పులలో అదియే చివరిది. 2025లో వచ్చిన 13వ కూర్పులో ఆ వీలు తీసివేసిరి. ఆ 12వ కూర్పును, తేలికయైన తెరతో, ఈ పాత యంత్రములో వేసిరి. తెలుగును టైపు చేయుటకును, లెక్కల పట్టికలు వ్రాయుటకును అది చాలును. అంతర్జాలమునకు మాత్రము దానిని కలుపలేదు. ముసలి యెద్దును బండికి కట్టరు. అయినను అది కళ్లమున చిన్నపని చేయగలదు.

రెండవది కోరుట్ల. అచట ఒక కిరాణా దుకాణములో 2010 ప్రాంతపు కంప్యూటరు కలదనుకొనుడు. దానిలో పదునైదేండ్ల ఖాతాలు ఉన్నవి. ఎవరు ఎంత బాకీ యున్నారో, పసుపు పంట చేతికి వచ్చినపుడు ఎవరు తీర్చెదమనిరో అంతయు అందే కలదు. కంప్యూటరు మందగించినది. దుకాణదారుడు విసిగి, "బిడ్డా, దీనిలో ఉన్నది 32 బిట్లదట. దీనికి కాలము చెల్లినది. పాతసామానువానికి ఇచ్చివేయుదును" అని కూతురితో అనెను.

ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆ బాలిక వివరముల పుటను తెరచి, 'సిస్టమ్ టైప్' అనుచోట వ్రాసిన వాక్యమును శ్రద్ధగా చదివెను. "బాపూ, ఇందులో రెండు మాటలున్నవి. '32 బిట్ల నిర్వహణ వ్యవస్థ' అనునది మొదటిది. 'ఎక్స్64 ప్రాసెసరు' అనునది రెండవది. మొదటి మాట ఇంటిలో కాపురమున్నవానిని గూర్చినది. రెండవది ఇంటిని గూర్చినది. ఇల్లు పెద్దదే. చిన్న కాపురము పెట్టినాము, అంతే" అనెను.

ఈ బాలిక గ్రహించిన భేదమే ఈ పాఠమునకు ప్రాణము. ఆ వాక్యములో మొదటి భాగము నేడు నడుచుచున్న వ్యవస్థను తెలుపును. రెండవ భాగము యంత్రముయొక్క శక్తిని తెలుపును. మొదటి భాగమును మాత్రమే చదివి యంత్రమును పారవేయువారు ఎందరో కలరు. రెండవ భాగమున 'ఎక్స్64' అని ఉన్నచో ఆ ప్రాసెసరు 64 బిట్ల వ్యవస్థను నడుపగలదు. 'ఎక్స్86' అని మాత్రమే ఉన్నచో నడుపలేదు.

కాని బాలిక సంతోషించి వెంటనే పాతదానిని తుడిచివేసినచో గొప్ప కీడు కలిగియుండెడిది. 32 బిట్ల విండోసునుండి 64 బిట్లదానికి మెట్టుమెట్టుగా ఎక్కు దారి లేదు. పాత వ్యవస్థను తీసివేసి క్రొత్తదానిని మొదటినుండి స్థాపింపవలెను. అట్లు చేయునపుడు డిస్కులోని ఖాతాలు పోవచ్చును. కనుక ఆమె మొదట ఖాతాలను రెండు వేర్వేరు పెన్‌డ్రైవులలో నకలు తీసి, ఆ నకళ్లు తెరచుకొనుచున్నవో లేదో మరియొక కంప్యూటరులో చూచెను. నకలు తీయుట సగము పని; అది తెరచుకొనునని చూచుట తక్కిన సగము.

ఇంకొక చిక్కు ఉన్నది. ఆ దుకాణపు ఖాతాల కార్యక్రమము డాస్ కాలమునాటిది, 16 బిట్లది. 32 బిట్ల విండోస్ దానిని నడిపినది. 64 బిట్ల విండోస్ నడుపదు. పాత ముద్రణయంత్రములకును ఇట్టి కష్టమే వచ్చుచుండును. 64 బిట్ల వ్యవస్థకు ఆ యంత్రముతో మాటలాడు కార్యక్రమము, అనగా డ్రైవరు, 64 బిట్లదే కావలెను. దానిని చేసినవారు అట్టిది వ్రాయనిచో ముద్రణయంత్రము మూగవోవును. కావున ఇల్లు మారునపుడు మనుష్యులకు చోటు చాలునా అని చూచిన చాలదు. సామాను వాకిట పట్టునా అనియు చూడవలెను.

బాలిక తన ఉపాధ్యాయుని సలహాపై 64 బిట్ల లినక్స్ వ్యవస్థను ఒక పెన్‌డ్రైవులో ఎక్కించి, డిస్కును తాకకుండ, పెన్‌డ్రైవునుండియే కంప్యూటరును నడిపి చూచెను. తెర వెలిగినది. మీటలు పలికినవి. ముద్రణయంత్రము ఒక కాగితమును అచ్చువేసినది. డాస్‌బాక్స్ అను కార్యక్రమము పాత డాస్ కాలమును అనుకరించునది; దానిలో ఖాతాలు తెరచుకొన్నవి. అప్పుడు మాత్రమే ఆమె తండ్రి క్రొత్త వ్యవస్థను స్థాపించుటకు ఒప్పుకొనెను. 2 గిగాబైట్ల జ్ఞాపకమునకు మరి రెండు చేర్చిరి. తిరుగు పలకల పాత డిస్కు స్థానమున కదలని భాగములుగల క్రొత్త డిస్కును పెట్టిరి. కంప్యూటరు వేగము పెరిగినది. బాకీల లెక్క ఒక్కటియు పోలేదు.

మూడవది సిరిసిల్ల. అచట జకార్డు అట్టలకు పూవులు గీయు పనివాడు ఒకడున్నాడనుకొనుడు. అతని కంప్యూటరు 2015లో కొన్నది. 64 బిట్ల ప్రాసెసరు, 8 గిగాబైట్ల జ్ఞాపకము, విండోస్ 10. కొక్కెములన్నియు ఉన్నవి. అయినను విండోస్ 11 వ్యవస్థను వేయబోగా "ఈ కంప్యూటరు తగదు" అని తెరపై వచ్చెను. ఇదెట్లు?

విండోస్ 11 వ్యవస్థ 2021 అక్టోబరులో విడుదలైనది. దానికి 64 బిట్ల ప్రాసెసరును, 4 గిగాబైట్ల జ్ఞాపకమును, 64 గిగాబైట్ల డిస్కును ఉన్న చాలదు. టీపీఎమ్ 2.0 అను భద్రతా విభాగమును ఉండవలెను. అది తాళపుచెవులను దాచు చిన్న పెట్టె వంటిది. పైగా ఆ సంస్థవారు తాము ఒప్పుకొను ప్రాసెసర్ల పట్టిక నొకదానిని ప్రకటించిరి. ఇంటెల్ ప్రాసెసర్లలో 2017లో మొదలైన ఎనిమిదవ తరమునకు ముందటివి, ఏ కొన్నియో తప్ప, ఆ పట్టికలో లేవు. జగిత్యాల యంత్రమునకు శక్తి లేదు. సిరిసిల్ల యంత్రమునకు శక్తి ఉన్నది, అనుమతి లేదు. ఈ రెండును వేరువేరు సంగతులు. శక్తి లేనిచోట ఎవరును ఏమియు చేయలేరు. అనుమతి లేనిచోట కొందరు దొడ్డిదారిని వెదకుదురు. కాని అట్లు ప్రవేశించినవానికి సవరణలు అందునను హామీ లేదని ఆ సంస్థవారే చెప్పుచున్నారు. రక్షణకై క్రొత్త వ్యవస్థను కోరి, రక్షణకు హామీ లేని దారిని పట్టుట తెలివి కాదు.

పనివాడు లినక్సును వేసికొనవచ్చును గదా? వేసికొనవచ్చును. కాని అతడు పూవులు గీయు కార్యక్రమము విండోసుకై మాత్రమే వ్రాయబడినది. అదియే అతని అన్నము. కనుక అతడు మధ్యమార్గమును ఎన్నుకొనెను. పాత కంప్యూటరును అంతర్జాలమునుండి విడదీసి, పూవులు గీయుటకు మాత్రమే ఉంచుకొనెను. ఉత్తరములు, సొమ్ము చెల్లింపులు దానిలో చేయుట మానెను. గీసిన పూవులన్నిటికిని నకళ్లు తీసి వేరొకచోట దాచెను. క్రొత్త కంప్యూటరు కొనుటకు నెలనెల కొంత కూడబెట్టసాగెను. ఇది ఓటమి కాదు. తన అవసరమును, అపాయమును తూచి చేసిన నిర్ణయము.

వ్యవస్థలను చేయువారు పాత యంత్రములను ఎందుకు విడిచిపెట్టుదురని విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. అది కేవలము లాభాపేక్షయే అనుట సరికాదు. కేవలము అవసరమే అనుటయు సరికాదు. పాత యంత్రమును మోయుటకు వ్యవస్థలో ప్రత్యేకముగా కొంత భాగమును వ్రాయవలెను; ప్రతి మార్పునకును దానిని మరల పరీక్షింపవలెను. వాడువారు తగ్గినకొలది పరీక్షించువారును తగ్గుదురు. లినక్స్ కథయే దీనికి నిదర్శనము. ఫిన్లాండు దేశమున హెల్సింకీ నగరములో లినస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి 1991లో 386 ప్రాసెసరు గల తన కంప్యూటరుపై దానిని వ్రాసెను. 2013లో వచ్చిన లినక్స్ 3.8 కూర్పునుండి ఆ 386 ప్రాసెసరునకే చోటు లేకపోయెను. తాను పుట్టిన యింటిలోనే అది నేడు కాపురముండలేదు. ఆ పని చేసినవారు లాభముకొరకు చేయలేదు. మోయలేని బరువును దించుకొనిరి.

అయినను విడిచిపెట్టిన యంత్రము మాయమైపోదు. దానిలో సీసము మొదలగు విషపదార్థములు ఉండవచ్చును. చెత్తకుప్పపై తగులబెట్టినచో అవి గాలిలోను, నీటిలోను కలియును. అందుచేతనే మన దేశమున ఎలక్ట్రానిక్ వ్యర్థములను గూర్చిన నియమములు ఏర్పడినవి. 2022లో చేసిన నియమములు 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినవి. నిజముగా పనికిరాని కంప్యూటరును అధికారికముగా నమోదైన శుద్ధికేంద్రమునకే చేర్చవలెను. పనికివచ్చు కంప్యూటరును తొందరపడి పారవేయుట సొమ్మునకు నష్టము, నేలకు కీడు.

కనుక పాత కంప్యూటరు ఎదుట కూర్చున్న విద్యార్థి వరుసగా నాలుగు సంగతులు విచారింపవలెను. ప్రాసెసరు వెడల్పు ఎంత? ఇది మారనిది. జ్ఞాపకము, డిస్కు చాలునా? ఇవి పెంచుకొనదగినవి. క్రొత్త వ్యవస్థను చేసినవారు ఈ యంత్రమును ఒప్పుకొందురా? ఇది వారి నియమము. మన కార్యక్రమములు, మన ముద్రణయంత్రము క్రొత్త వ్యవస్థలో నడుచునా? ఇది మన అవసరము. ఈ నాలుగింటికిని జవాబు దొరకకముందు డిస్కును తుడుచుట, యంత్రమును పారవేయుట రెండును తగవు.

సిరిసిల్ల కార్ఖానాలో అనుభవము గల పనివాడు పాత సాంచాను చూచినపుడు దాని వయస్సును అడుగడు. పైనున్న కొక్కెములను లెక్కపెట్టును. అరిగిన భాగములను చేతితో తడవి చూచును. తరువాత దానికి తగిన నేతను ఎక్కించును. కంప్యూటరు ఎదుట కూర్చున్నవానికిని కావలసినది ఆ ఓర్పే.

అభ్యాసము

1. 120 కొక్కెముల జకార్డునకును 32 బిట్ల ప్రాసెసరునకును గల పోలికను వివరింపుడు.
2. 'సిస్టమ్ టైప్' అనుచోట కనబడు వాక్యములోని రెండు భాగములు వేనిని తెలుపును?
3. జగిత్యాల, సిరిసిల్ల యంత్రములు రెండును క్రొత్త వ్యవస్థను వేసికొనలేకపోయినవి. ఆ రెండిటి కారణములకును గల భేదమేమి?
4. కోరుట్ల బాలిక క్రొత్త వ్యవస్థను స్థాపించుటకు ముందు చేసిన పనులను వరుసగా వ్రాయుడు.
5. మీ పాఠశాలలోని ఒక కంప్యూటరును పరీక్షించి, పై నాలుగు ప్రశ్నలకును జవాబులు వ్రాయుడు.